పసిబిడ్డకు వీరుని పేరు
పునీత జెరోము జీవితం, ఒక హీబ్రూ మాట

సెప్టెంబరు 30వ తేదీన తిరుసభ పునీత జెరోము పండుగ జరుపుకొంటుంది. బైబులు పండితులకూ, అనువాదకులకూ, గ్రంథాలయాల్లో పనిచేసేవారికీ ఆయన పాలక పునీతుడు. చిత్రపటాల్లో ఆయన్ని చూచినవారికి రెండు విషయాలు గుర్తుంటాయి. ఒకటి, ముందు తెరచి ఉన్న పుస్తకం. రెండు, కాళ్ల దగ్గర పడుకొన్న సింహం. పుస్తకం సంగతి నిజమే. సింహం కథ మాత్రం యోర్దాను నదీ ప్రాంతంలో జీవించిన గెరాసిము అనే మరో మునిది. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఆ కథ జెరోముకు అంటుకొందని పండితుల అభిప్రాయం.

ఐనా ఆ సింహం అక్కడ ఉండటం ఒకందుకు మంచిదే. హీబ్రూ భాషలో గిబ్బోర్ అనే మాట ఉంది. బలవంతుడు, వీరుడు, యోధుడు అని దాని అర్థం. సామెతల గ్రంథం 30,30లో మృగాలన్నిటిలోకి బలమైనదిగా సింహాన్ని పేర్కొనటానికి వాడిన మాట ఇదే. యెషయా ప్రవక్త మాత్రం ఈ మాటను ఒక పసిబిడ్డకు పేరుగా పెట్టాడు (యెషయా 9,6). ఎల్ గిబ్బోర్, అనగా బలవంతుడైన దేవుడు. క్రీస్తు జయంతి నడిరేయి పూజలో ఏటేటా మనం వినే మొదటి పఠనంలోని పేరు ఇది. సింహానికీ సైనికునికీ చెల్లే మాట పొత్తిగుడ్డల్లోని శిశువుకు ఎలా చెల్లుతుంది? ఆ మాటను లతీను భాషలోకి తెచ్చిన జెరోము జీవితాన్ని తెలిసికొంటే ఈ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.

చదువుల మోజు

జెరోము 347 ప్రాంతంలో, నేటి ఇటలీకి తూర్పున, డల్మేషియా పనోనియా సరిహద్దులోని స్త్రీదోను అనే ఊళ్లో పుట్టాడు. తల్లిదండ్రులు కలిగిన క్రైస్తవులు. కొడుకు చురుకైనవాడని గ్రహించి అతన్ని రోము నగరానికి పంపారు. ఆ రోజుల్లో పేరుమోసిన దొనాతు అనే వ్యాకరణ పండితుడు అతనికి గురువు. జెరోము లతీను కవుల్నీ వక్తల్నీ కంఠస్థం చేశాడు. ముఖ్యంగా సిసెరో రచనలంటే పడిచచ్చేవాడు. పుస్తకాల్ని సమకూర్చుకొని దాచుకొనేవాడు. ఆదివారాల్లో తోటి విద్యార్థులతో కలసి భూగర్భంలోని వేదసాక్షుల సమాధుల్ని దర్శించేవాడు. 366 ప్రాంతంలో ఆ నగరంలోనే జ్ఞానస్నానం పొందాడు.

అతనికి తెలివి ఎంత ఎక్కువో, కోపమూ అంతే ఎక్కువ. వాదానికి దిగితే ఎదుటివాణ్ణి చీల్చి చెండాడేవాడు. తన కలం పదునెంతో అతనికి తెలుసు. బలమంటే గెలవటమే అనుకొనే వయస్సు అది.

తరువాత కొందరు మిత్రులతో కలసి తూర్పు దేశాలకు ప్రయాణమై, సిరియాలోని అంతియోకియలో జబ్బుపడ్డాడు. తపస్సు కాలంలో ఒకనాడు జ్వరం తీవ్రంగా ఉన్నపుడు అతనికి ఓ కల వచ్చింది. తాను న్యాయాధిపతి ముందు నిలబడినట్లూ, నీవెవరవని అడిగితే క్రైస్తవుణ్ణని జవాబు చెప్పినట్లూ, నీవు క్రీస్తుకు చెందినవాడవు కావు, సిసెరోకు చెందినవాడవని న్యాయాధిపతి తీర్పు చెప్పి కొట్టించినట్లూ కలగన్నాడు. ఈ సంగతిని తరువాతి కాలంలో తానే ఒక లేఖలో వ్రాసికొన్నాడు. ఆ దెబ్బతో అతని చూపు వేదగ్రంథం వైపు మళ్లింది.

ఎడారిలో హీబ్రూ

375 ప్రాంతంలో జెరోము సిరియాలోని కాల్సిస్ ఎడారికి వెళ్లి మునులతోపాటు జీవించాడు. ఉపవాసాలతో ఒళ్లు ఎండిపోయింది. కాని తలపులు మాత్రం రోము నగరపు విందు వినోదాల చుట్టూ తిరిగేవి. శరీరాన్ని లొంగదీసినా మనసు లొంగలేదు. అప్పుడు అతనొక ఉపాయం చేశాడు. యూదమతం నుండి వచ్చి క్రైస్తవుడైన ఒక సన్యాసి దగ్గర శిష్యునిగా చేరి హీబ్రూ అక్షరాలు దిద్దటం మొదలుపెట్టాడు.

లతీను పండితునికి అది పెద్ద పరీక్ష. గొంతులోనుండి పలికే ఆ శబ్దాలు అతనికి మొరటుగా తోచేవి. ఎన్నోసార్లు విసిగి వదిలేశాడు. పట్టుదలతో మళ్లీ మొదలుపెట్టాడు. హీబ్రూలో మరో చిక్కు కూడ ఉంది. ఆ కాలపు ప్రతుల్లో అచ్చుల గుర్తులు ఉండేవి కావు. హల్లుల్ని చూచి, సందర్భాన్ని బట్టి మాటను గ్రహించాలి. గ, బ, ర అనే మూడు హల్లుల్నే తీసికొందాం. వీటినుండి గెవెర్ అనే మాట వస్తుంది, అంటే పురుషుడు. గెబూరా వస్తుంది, అంటే పరాక్రమం. గిబ్బోర్ వస్తుంది, అంటే పరాక్రమవంతుడు. ఈ హల్లులతోనే ఉన్న ఒక మాటను జెరోము యెషయా 22,17లో కోడిపుంజు అని అనువదించాడు. యూదుల వాడుకలో ఆ మాటకు ఆ అర్థం కూడ ఉంది. పుస్తకం ఒక్కటే చాలదు, చదివి వినిపించే గురువు కావాలి. కనుక గర్విష్ఠియైన ఈ పండితుడు జీవితాంతం ఎవరో ఒకరి ముందు శిష్యునిగా కూర్చోవలసి వచ్చింది. దేవుడు అతనికి పెట్టిన మొదటి వినయపాఠం ఇది.

రోములో పది నామాలు

జెరోము ఎడారినుండి తిరిగివచ్చి అంతియోకియలో గురుపట్టం పొందాడు. కాన్‌స్టాంటినోపులులో నజియాంజు గ్రెగోరీ వద్ద వేదపాఠాలు విన్నాడు. 382లో రోముకు వచ్చాడు. అక్కడ పోపు దమాసు ఆయన్ని తన కార్యదర్శిగా నియమించి, సువిశేషాల లతీను అనువాదాన్ని గ్రీకు మూలంతో సరిచూడమని కోరారు. అప్పటి లతీను ప్రతులు ఒకదానితో ఒకటి పొసగేవి కావు.

రోములో అవెంతీను కొండమీద మార్చెల్లా అనే వితంతువు ఇల్లు ఉండేది. ఆమె గొప్పింటి బిడ్డ. ఐనా ప్రార్థనలోను వేదపఠనంలోను కాలం గడిపేది. పౌలా అనే మరో వితంతువు, ఆమె కూతురు యూస్తోకియా కూడ ఆమెకు స్నేహితులు. ఈ స్త్రీలు జెరోమును ప్రశ్నలతో ఉక్కిరిబిక్కిరి చేసేవాళ్లు. మార్చెల్లా ఐతే ఏ జవాబునూ పరీక్షించకుండా ఒప్పుకొనేది కాదు. ఓసారి ఆమె కీర్తన చదువుతూ హీబ్రూ భాషలో దేవునికి ఎన్ని పేర్లున్నాయని అడిగింది. జెరోము పది నామాల్ని వరుసగా పేర్కొని చిన్న లేఖ వ్రాశాడు. వాటిలో మొదటిది ఎల్. ఈ పేరుకు బలవంతుడని అర్థం చెప్పిన గ్రీకు అనువాదకుడు ఉన్నాడని ఆయన ఆ లేఖలో గుర్తుచేశాడు. ఆ జాబితాలోనే సబాయోత్ ఉంది, సైన్యాలకు అధిపతి అని భావం. లతీను పూజ రోజుల్ని చూచిన పెద్దలు దివ్యపూజలో ఈ పేరును హీబ్రూలో ఉన్నది ఉన్నట్లే పాడేవాళ్లు. షద్దాయ్ కూడ ఉంది. ఆదికాండం 17,1లో అబ్రహాముకు దేవుడు తెలియజేసిన పేరు ఇది. జెరోము దాన్ని సర్వశక్తిమంతుడని అనువదించాడు.

384 డిసెంబరులో పోపు దమాసు చనిపోయారు. జెరోము రోములోని గురువుల విలాసాల్ని తన కలంతో ఎండగట్టి ఉన్నాడు గనుక శత్రువులకు కొదువలేదు. పౌలాతో ఆయన స్నేహంమీద కూడ అపనిందలు పుట్టించారు. 385లో ఆయన మనసు నొచ్చుకొని రోమును వదిలి ఓడ ఎక్కాడు. మళ్లీ ఆ నగరం ముఖం చూడలేదు.

గుహ చెంత

పౌలా, యూస్తోకియా కూడ రోమును వదిలి తూర్పు దేశంలో ఆయన్ని కలసికొన్నారు. అందరూ పుణ్యస్థలాల్నీ ఐగుప్తు మునుల్నీ దర్శించి 386లో బేత్లెహేములో స్థిరపడ్డారు. పౌలా తన ఆస్తితో పురుషులకు ఒక మఠం, స్త్రీలకు మఠాలు కట్టించింది. బాటసారుల కొరకు ఒక సత్రం కూడ కట్టించింది. నాడు మరియ యోసేపులకు ఆ ఊళ్లో చోటు దొరకలేదు గదా, ఇక ఎవ్వరికీ ఆ కష్టం రాకూడదన్నది ఆమె తలంపు.

ప్రభువు పుట్టిన గుహకు దగ్గరలో జెరోము ముప్పై నాలుగేండ్లు జీవించాడు. అక్కడ ఆయన హీబ్రూ చదువు మళ్లీ మొదలైంది. బరానినా అనే యూద గురువు రాత్రివేళల్లో వచ్చి పాఠం చెప్పేవాడు. తోటి యూదులకు తెలిస్తే ప్రమాదమని అతని భయం. నికోదేములాగ ఇతడూ చీకటిలో వస్తున్నాడని జెరోము మెచ్చుకొన్నాడు. పౌలా కూడ హీబ్రూ నేర్చి కీర్తనల్ని ఆ భాషలోనే పాడేది.

అంతవరకు లతీను క్రైస్తవులు చదివిన పూర్వవేదం గ్రీకునుండి వచ్చింది. గ్రీకు అనువాదాన్ని క్రీస్తుకు ముందే యూదులు చేసికొన్నారు. జెరోము ఆ వాగును దాటి నేరుగా ఊట దగ్గరికి వెళ్లాడు. 390 ప్రాంతంనుండి 405 వరకు హీబ్రూ మూలంనుండి లతీనులోకి అనువదించాడు. మెచ్చినవాళ్లకంటె నొచ్చినవాళ్లే ఎక్కువ. ఆఫ్రికాలో ఒక మేత్రాణి గుళ్లో యోనా గ్రంథాన్ని ఈ కొత్త అనువాదంలో చదివించగా, ప్రవక్తకు నీడనిచ్చిన చెట్టు పేరు మారిందని ప్రజలు గొడవచేశారు. పునీత అగుస్తీను ఈ సంగతిని జెరోముకు లేఖలో తెలియజేశాడు. తాతముత్తాతలనాటి నుండి విన్న ఒక్క మాట మారితే భక్తుల గుండె కలుక్కుమంటుంది. ఐనా నిజమైన మాటను దాచకూడదని జెరోము వాదించాడు.

గిబ్బోర్ ఎవరు?

పూర్వవేదంలో గిబ్బోర్ అనే మాట చాలామందికి వాడారు. ఆదికాండంలో వేటగాడు నిమ్రోదు గిబ్బోర్. ఫిలిస్తీయుల వీరుడు గొల్యాతు గిబ్బోర్. దావీదు వెంట ఉన్న శూరులంతా గిబ్బోరులే. ఇంతవరకు మనం ఊహించినట్లే ఉంది.

కాని న్యాయాధిపతులు 6వ అధ్యాయంలో మరో సంగతి ఉంది. గిద్యోను శత్రువులకు భయపడి ద్రాక్షగానుగలో దాగుకొని గోధుమలు దుళ్లగొట్టుకొంటున్నాడు. దేవదూత ఆ భయస్తుణ్ణి ఇదే మాటతో పలుకరించాడు. రూతు గ్రంథంలో బేత్లెహేము కాపురస్తుడైన బోవసుకూ ఇదే మాట వాడారు. అతడు కత్తి పట్టినవాడు కాదు. తన పొలంలో పరిగె ఏరుకొంటున్న పరదేశి వితంతువును ఎవరూ బాధించకుండా చూచి, ఆమె కొరకు కావాలనే కొన్ని వెన్నులు జారవిడిపించినవాడు.

ఇక ద్వితీయోపదేశ కాండం 10,17-18 దేవుణ్ణే గిబ్బోర్ అంటుంది. వెంటనే ఆయన ఆ బలంతో ఏం చేస్తాడో కూడ చెపుతుంది. లంచం పుచ్చుకోడు, పక్షపాతం చూపడు. అనాథలకూ వితంతువులకూ న్యాయం జరిగిస్తాడు. పరదేశిని ప్రేమించి అన్నం పెట్టి బట్టనిస్తాడు. అంటే దేవుని బలం దిక్కులేని వారి పక్షాన నిలిచే బలం. మరియమాతకు మంగళవార్త తెచ్చిన గబ్రియేలు పేరు కూడ ఈ ధాతువునుండి వచ్చిందే. దేవుని బలం అని జెరోము ఆ పేరుకు అర్థం చెప్పాడు. ఆ బలం నజరేతులో ఒక పడుచు ఎదుట ఆమె సమ్మతి కొరకు వేచి నిలిచింది.

జంకిన కలాలు

408నుండి 410 వరకు జెరోము యెషయా గ్రంథానికి పదునెనిమిది భాగాల వ్యాఖ్య వ్రాశాడు. అప్పటికి పౌలా లేదు. 404లో ఆమె చనిపోగా గుహ ప్రక్కనే సమాధి చేశారు. ఆమె ఆస్తి అంతా పేదల పాలైంది, కూతురికి మిగిలింది అప్పులే. జెరోము వ్యాఖ్యను ఆ కూతురు యూస్తోకియాకే అంకితమిచ్చాడు. లేఖనాలు తెలియనివారికి క్రీస్తు తెలియడని ఆయన ఆ గ్రంథం పీఠికలోనే హెచ్చరించాడు.

తొమ్మిదవ అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి ఆయనకు ఒక విచిత్రం కనిపించింది. హీబ్రూలో శిశువుకు ఉన్న గొప్ప పేర్ల స్థానంలో పాత గ్రీకు అనువాదం గొప్ప ఆలోచనను తెలియజేసే దూత అని మాత్రమే చెపుతుంది. ఎల్ గిబ్బోర్ లేదు. ఎందుకు? ఆ పేర్ల మహిమను చూచి అనువాదకులు జంకారనీ, ఒక బిడ్డను బాహాటంగా దేవుడని పిలవటానికి వాళ్ల కలం సాహసించలేదనీ జెరోము తలంచాడు. ఆయన జంకలేదు. దేవుడు, బలవంతుడు అని రెండు పేర్లుగా లతీనులో వ్రాశాడు. నేటి అనువాదకులు సాధారణంగా రెండింటినీ కలిపి బలవంతుడైన దేవుడని చదువుతారు. తరువాతి అధ్యాయంలో, యెషయా 10,21లో, జెరోము కూడ అలాగే కలిపి వ్రాశాడు.

ఆ వాక్యం వ్రాసిన చేతికి కొద్దిపాటి దూరంలోనే ఆ బిడ్డ పడుకొన్న పశువుల తొట్టి చోటు ఉంది. చలికాలం రాత్రి ఏడ్చిన బిడ్డ, తల్లి పాలకొరకు వెదకిన బిడ్డ, హేరోదు కత్తికి భయపడి ఐగుప్తుకు మోసికొనిపోబడిన బిడ్డ. ఆయనే గిబ్బోర్.

రోము కూలిన ఏడు

యెషయా వ్యాఖ్య ముగించి జెరోము యెహెజ్కేలు గ్రంథాన్ని చేపట్టబోతుండగా పిడుగులాంటి వార్త వచ్చింది. 410 ఆగస్టు 24న అలరికు నాయకత్వాన గోతులు రోము నగరంలో చొరబడి దోచుకొన్నారు. లోకాన్నంతటినీ లొంగదీసికొన్న నగరమే లొంగిపోయింది. మిత్రుడు పమ్మాకియు మరణవార్త కూడ వచ్చింది. జెరోముకు నోట మాట రాలేదు. చాలాకాలం కలం కదలలేదు.

మార్చెల్లా సంగతి తరువాత తెలిసింది. సైనికులు ఆ ముసలమ్మ ఇంట్లో దూరి బంగారం ఎక్కడ దాచావని కొట్టారు. దాచటానికి ఆమె దగ్గర ఏమీ లేదు. అంతా ఎప్పుడో పేదలకు పంచిపెట్టింది. తన ఒంటిమీద పడే దెబ్బల్ని ఆమె లెక్కచేయలేదు. తనవద్ద పెరుగుతున్న ప్రిన్సిపియా అనే కన్యను ఏమీ చేయవద్దని మాత్రం వాళ్ల కాళ్లమీద పడి వేడుకొంది. చివరికి ఆ సైనికుల మనసే కరిగింది. ఇద్దర్నీ పునీత పౌలు దేవాలయానికి చేర్చారు. కొంతకాలానికే ఆమె ప్రిన్సిపియా చేతుల్లో కన్నుమూసింది. దేవుని నామాల అర్థం అడిగిన స్త్రీ ఆ అర్థాన్ని తన ఒంటిమీద వ్రాసికొని పోయింది. ఆ ఇంట్లో ఆనాడు గిబ్బోర్ ఎవరు? కత్తి పట్టినవాళ్లా, కాళ్లమీద పడిన ముసలమ్మా?

రోమునుండి పారిపోయినవాళ్లు సముద్రం దాటి బేత్లెహేముకు రాసాగారు. నిన్నటివరకు భవనాల్లో బ్రతికినవాళ్లు మఠం గుమ్మంముందు చేయి చాచారు. జెరోము పుస్తకాలు మూసి వాళ్లకు సేవ చేశాడు. వేదవాక్యాన్ని గూర్చి వ్రాయటం ఆపి, దాన్ని పనిలో పెట్టవలసిన గడియ వచ్చిందని ఆయన భావించాడు. పగలంతా అతిథుల పని. రాత్రి దీపం వెలుగులో, చూపు మందగించిన కళ్లతో, యెహెజ్కేలు వ్యాఖ్యను కొంచెం కొంచెంగా పూర్తిచేశాడు. యౌవనంలో వాదించి గెలవటమే బలమనుకొన్నవాడు ముసలితనంలో పరదేశులకు అన్నం పెడుతున్నాడు. ద్వితీయోపదేశ కాండం చెప్పిన దేవుని బలం ఇదే గదా!

ఆయన కోపం పూర్తిగా పోయిందని చెప్పలేం. పాత స్నేహితుడు రూఫీనుతో వచ్చిన తగవు చివరివరకు తీరలేదు. పునీతులు కూడ మట్టిపాత్రలే. కష్టాలు కూడ ఆగలేదు. 416లో ఒక అల్లరిమూక బేత్లెహేము మఠాల్ని తగులబెట్టి ఒక డీకనును చంపింది. కొద్దికాలానికి యూస్తోకియా కూడ చనిపోయింది. 420 సెప్టెంబరు 30న జెరోము కన్నుమూశాడు. 419లోనే అని కొందరంటారు. ఆయన్ని కూడ ప్రభువు జన్మించిన గుహ చెంతనే పాతిపెట్టారు.

ఆయన అనువాదానికి తరువాత వుల్గాత అని పేరు వచ్చింది. 1546లో ట్రెంటు మహాసభ దాన్ని తిరుసభ ప్రామాణిక గ్రంథంగా ప్రకటించింది. ఆయన పదునారువందల వర్ధంతి సందర్భంగా 2020లో పోపు ఫ్రాన్సిస్ ఒక లేఖ వెలువరించారు. అంతకు ముందటి ఏడు, జెరోము పండుగనాడే, దైవవాక్కు ఆదివారాన్ని నెలకొల్పారు.

మన ఇండ్లలో

ప్రియ పాఠకులారా, బలం అనే మాట మన ఇండ్లలో కూడ వినిపిస్తుంది. ఒక ఇంట్లో భర్త గొంతు పెంచటమే బలం. మరో ఇంట్లో నలుగురు కొడుకులుండటం బలం. ఊళ్లో ఐతే డబ్బూ, పలుకుబడీ బలం. ఇవన్నీ రోము నగరపు గోడలలాంటివే. కూలే రోజు వచ్చేదాక గట్టిగానే కన్పిస్తాయి.

దేవుని వద్ద గిబ్బోర్ వేరు. చేయి ఎత్తగలిగి కూడ దించుకొన్న తండ్రి గిబ్బోర్. మంచంపట్టిన అత్తకు విసుగుకోకుండ గంజి త్రాగించే కోడలు గిబ్బోర్. విచారణలో దిక్కులేని వితంతువు పొలంగట్టు తగవులో నిజం పలికి ఆమె పక్షాన నిలిచినవాడు గిబ్బోర్. ఈ మాటకు అర్థం నిఘంటువులో సగమే దొరుకుతుంది. మిగతా సగం బేత్లెహేములో పశువుల తొట్టి దగ్గర మోకరిల్లినవారికి తెలుస్తుంది.

ఈ ఏడు క్రీస్తు జయంతి పూజకు వెళ్లేముందు యెషయా తొమ్మిదవ అధ్యాయాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుండి ఒకసారి చదవండి. పిల్లలచేత చదివించండి. బలవంతుడైన దేవుడు అనే పేరు వచ్చినచోట కాసేపు ఆగండి. ఆ బలం మన ఇంటిలో ఎవరికి అండగా నిలవాలో ప్రభువే చూపిస్తాడు. పునీత జెరోము మనకొరకు ప్రార్థించునుగాక.